బదులు తెచ్చిన సింగారం

మేము హాలున్న ఇంట్లకు దిగినప్పుడు నాకు పంతొమ్మిదేండ్లు. అంతకుముందు చార్మినార్ అవతలి గల్లీల ఒక్క అర్రల బతికినోళ్లం. ఆ అర్రకు గూడ మూలలుంటయని మాకు ఎన్నడు తెల్వలె. ఒక మూలకు పొయ్యి, ఒక మూలకు నాయినమ్మ మంచం, ఇంకో మూలకు మడిచిన పరుపులు, పరుపుల మీద సందుగ, సందుగ మీద నా పుస్తకాలు. గోడ కనవడాల్నంటే పండుగకు సున్నం వేసేటప్పుడే కనవడేది.

బాపుకు కంచన్‌బాగ్ల ఫ్యాక్టరీ నౌకరి పక్కా అయినంక, సైకిల్ మీద పోయిరానీకి దగ్గరైతదని సంతోష్‌నగర్ల ఇల్లు చూసిండు. కింద మేము, మీద ఇంటి యజమాని. ఆయనను అందరం సాబ్ అనేటోళ్లం. తెల్ల గడ్డం, నౌకరి నుంచి రిటైరైన మనిషి, కొడుకు కోడలుతోని ఉంటుండె. మాకు రెండు చిన్న అర్రలు, వంటిల్లు, ముందట హాలు. డెబ్బైలు ముగిసి ఎనభైలు షురువైన రోజులవి.

సామానంత దించినంక చూస్తే హాలు సగం గూడ నిండలె. నాయినమ్మ మంచం కిటికి పక్క మూలకు వేసినం. రెండు ఇనుప కుర్సీలు నడుమ పెట్టినం. ఇంకో రెండు మూలలు బోడిగ మిగిలినయి. నాలుగో దిక్కు దర్వాజ ఉండె కాబట్టి దాని పీడ లేకుండె.

గాలి మంచిగ ఆడుతదని బాపు సంబురపడ్డడు. ఊడ్చుడు అల్కగ అయిందని అమ్మ అన్నది. నాకు మాత్రం ఆ మూలల దిక్కు చూస్తే కూసోబుద్ధి కాకపోయేది. ఇంటర్ అయిపోయింది, టైపు పరీక్ష పాసయిన, నౌకరి దొరకలె. సంబంధాలు చూస్తున్నమని నన్ను బయటికి పంపకపోయేటోళ్లు. పొద్దంత ఇంట్లనే. పొద్దున ఒక మూలకు రాగి బిందె పెట్టి, దాని మీద అద్దం ఆనిచ్చి చూసేదాన్ని. పగటికి అది తీసి సందుగ పెట్టేదాన్ని. సందుగ మీద అమ్మ పాత చీర కప్పి, కుచ్చిళ్లు పోసి, దూరం నుంచి చూసి, మళ్ల తీసేసేదాన్ని. బాపు డ్యూటీ నుంచి వచ్చేసరికి కుర్సీ పొద్దున ఉన్న జాగల ఉండకపోయేది. ఒక సాయంత్రం కరెంటు లేనప్పుడు అలవాటు ప్రకారం కూసోబోయి కింద పడ్డంత పనైంది. తిట్టలె.

"పొద్దు పోతలేదా బిడ్డా నీకు?" అని అడిగిండు.

పొద్దు పోక కాదు, చేతులు ఊకుంటలేవు. గది ఎట్ల చెప్పాల్నో తెల్వక నవ్విన.

మా పక్కింట్ల దవాఖానల పనిచేసే ఒక నర్సమ్మ ఉండె. కిరస్తానోళ్లు, ఆమె, ముసలి తల్లి, ఇద్దరే. ఆమె హాల్ల ఒక మూలకు కట్టె స్టాండు ఉండేది. మూలకు సరిగ్గ ఆనేటట్టు మూడు పలకలు, కింద చిన్న సొరుగు. మీది పలక మీద ప్లాస్టిక్ గులాబీలు, నడిమి పలక మీద చైనా మట్టి కుక్కపిల్ల. చింతపండు అడుగనీకో, చాయ్‌పత్తి ఇయ్యనీకో పోయినట్టు పోయి, ఆ స్టాండు దిక్కు చూసుకుంట నిలబడేదాన్ని. అది ఉంటే మూల మూల లెక్క లేకుండె. ఎవరో తల్సుకొని కట్టిన జాగ లెక్క ఉండేది.

ఎండకాలం ముదిరినంక ఒక సంబంధం వచ్చింది. పిలగానికి అఫ్జల్‌గంజ్ల బార్దాన్ దుకాణం, అంటే గోనెసంచుల యాపారం. తండ్రి లేడు, తల్లీకొడుకులే. మధ్యవర్తి వచ్చి ఐతారం పగటీలి వస్తమని చెప్పి పోయిండు. శనారం నాడే మా మేనత్త దిగింది. బాపుకు చెల్లెలు, ఛాదర్‌ఘాట్ల ఉండేది. ఏ శుభకార్యమైనా ఆమె వచ్చి నిలబడితేనే నడుస్తదని ఆమె నమ్మకం, మాకు గూడ గదే నమ్మకం.

మేనత్త హాల్ల నిలబడి నాలుగు దిక్కుల చూసింది. యాపారమోళ్లు వస్తున్నరు, ఇల్లు చూస్తే నిన్న దిగినోళ్ల లెక్క ఉన్నదన్నది. నిజానికి మేము నిన్నమొన్న దిగినోళ్లమే, అయినా ఎవరం ఎదురు చెప్పలె. ఒక్క దినానికి బదులు అడిగితే తప్పేందని ఆమె అంటే, నాలోపల ఏదో లేచి నిలబడ్డది. అమ్మ వద్దంటుంటే గూడ నేను నర్సమ్మ ఇంటికి ఉరికిన. ఆమె నవ్వి, స్టాండు పువ్వులతోని సహ తీస్కపొమ్మన్నది. ఐతారం ఆమెకు డ్యూటీ లేకుండె.

రేడియో సాబ్ ఇంటిది. పెద్ద కట్టె రేడియో, ముందట బంగారు రంగు బట్ట, దాని మీద కుట్టుపని చేసిన తెల్ల గుడ్డ. బాపు అడుగనీకి సిగ్గుపడ్డడు. మేనత్తనే మీదికి పోయింది. సాబ్ స్వయంగ రెండు చేతులతోని మెట్లు దిగి తెచ్చి, స్టూలు మీద పెట్టి, తీగ కిటికీల నుంచి ఎట్ల తియ్యాల్నో చూపించి పోయిండు.

ఇగ నాయినమ్మ మూల మిగిలింది. నులక మంచం, దాని కింద ఆమె మూటలు, తలకాడ ఆకువక్కల డబ్బ, ఉమ్మే తొట్టి. మేనత్త సొంత తల్లే అది. అయినా మంచం వెనుక అర్రలకు జరుపుమన్నది. నాయినమ్మ లేచి నిలబడ్డది.

"ముసలిదాన్ని, ఏడ వేస్తే ఆడ పండుకుంట" అన్నది.

మంచం పోయినంక ఆ మూలకు నేను సందుగ పెట్టి, దాని మీద అమ్మ పెండ్లిచీర పరిచి, ఇత్తడి దీపం సెమ్మె నిలబెట్టిన. ఐతారం పొద్దున ఊడ్చి తుడిచినంక మూడు మూలలు చూసి నాకు ఎన్నడు లేనంత కుశాలైంది. జర సేపే. తర్వాత స్టాండు జానెడు ఎడమకు ఉండాల్నేమో అనిపించింది. జరిపిన. మళ్ల కుడికి జరిపిన. అమ్మ వచ్చి నా రెక్క పట్టుకొని తానం చెయ్యపో అని లోపలికి తోలింది.

వాళ్లు చెప్పిన యాళ్లకే వచ్చిన్రు. పిలగాడు సన్నగ, నల్లగ, ఇస్త్రీ అంగిల ఉండె. తల్లి బొద్దుగ, నుదుట పెద్ద బొట్టు, చేతి వేళ్ల సందుల గోనె పీచు అంటిన మనిషి. మధ్యవర్తి చాయ్ తాగి, ఇంకో దగ్గర పనున్నదని సైకిలెక్కి పోయిండు. నేను పళ్లెం పట్టుకొని వచ్చి పీట మీద కూసున్న. తల వంచుకొని ఉన్నా ఆయన మోకాలు కనవడుతుండె. అది ఒక్క తీరున ఊగుతనే ఉండె. మాటిమాటికి కిటికి దిక్కు, కిటికి మీంచి మొగులు దిక్కు చూస్తుండె. నేను నచ్చలేదని అనుకున్న. అనుకున్నంక, నచ్చకపోతే ఇన్ని మూలలు సదిరింది ఎందుకని కోపం గూడ వచ్చింది.

తల్లి మాత్రం హాలంత తిరిగి చూసింది. రేడియో ముందట నిలబడి, ఎన్నడు కొన్నరని అడిగింది. బాపు గొంతు సవరించుకున్నడు. మేనత్త ముందుగాల అందుకొని, ఈ మధ్యనే అన్నది. తల్లి అవునా అని, చీర కొంగు సదురుకొని కుర్సీ అంచుకు కూసున్నది. అప్పటికెల్లి ఆమె మాటలు తగ్గినయి. ఒక్కటే అడిగింది, ఇదంత సదిరింది నువ్వేనా బిడ్డా అని. అవునని తలూపిన. అది అబద్ధం కాదు.

గప్పుడే రోడ్డు దిక్కు నుంచి దుకాణాల షటర్లు దబదబ పడిన సప్పుడు. తర్వాత మనుషులు ఉరికిన సప్పుడు. ఎక్కడ ఏం లొల్లయిందో ఎవలకు సక్కగ తెల్వదు. జర సేపటికి పోలీసు జీపు మైకుల చెప్పుకుంట పోయింది, కర్ఫ్యూ పెట్టినమని, ఎవరు బయటికి రావద్దని. బాపు దర్వాజ గడియ వేసిండు. పిలగాడు లేచి నిలబడి, ఒక్కసారి పోయి చూసొస్త, సందుల పడి పోతె ఇల్లు దొరుకుతదని అన్నడు. తల్లి కూసోమన్నది. కూసోలె. దర్వాజ కాడికి, కిటికి కాడికి తిరుగుతనే ఉన్నడు.

ఒక పూట నటన చెయ్యాల్నని సదిరిన హాల్ల ఇగ అందరం ఇరుక్కుపోయినం. మేనత్త గూడ ఇంటికి పోయే తొవ్వ లేదు.

పొద్దు గూకినంక మీది మెట్ల మీద సాబ్ చెప్పుల సప్పుడైంది. కర్ఫ్యూ సంగతి రేడియోల చెప్తరు. ఆయన రేడియో మా హాల్ల ఉన్నది. సాబ్ దర్వాజ కాడ నిలబడి, చుట్టాలను చూసి, చెయ్యెత్తి ఆదాబ్ చేసిండు.

"ఇజాజత్ హై తో, ఆప్కే రేడియో పే జర ఖబరాఁ సున్లేతుఁ" అన్నడు బాపుతోని.

తన రేడియోనే మీ రేడియో అని, దాని మీద వార్తలు వినుకుంటనని ఆయనే మా అనుమతి అడిగిండు. బాపు కుర్సీ జరిపిండు. రేడియో పెడితే బొయ్యిమని సప్పుడు తప్ప ఏం రాలె. బాపు ఆ గుండి తిప్పిండు, ఈ గుండి తిప్పిండు, రాలె. సాబ్ కూసున్న కాన్నుంచే అలవాటుల చెయ్యి చాపి, రేడియో కుడి చెంపకు ఒక్కటి చరిచిండు. గొంతు టక్కున వచ్చింది. చరిచినంక ఆయనకు గూడ యాదికొచ్చినట్టుంది, చెయ్యి మెల్లగ ఒడిల పెట్టుకున్నడు. పిలగాని తల్లి ఆ చేతి దిక్కు చూసింది. ఖబర్లల్ల ఇండ్లల్లనే ఉండాలె అన్నదే చెప్పిన్రు. సాబ్ పోయేటప్పుడు, ఇంట్ల మెహమాన్లు ఉన్నరు, ఫికర్ నక్కో కరో, రంది పెట్టుకోకుర్రి అని, జర సేపటికి కోడలుతోని పప్పు, పాలు పంపిండు.

పండుకునే జాగలు సదిరేటప్పుడు వెనుక అర్ర పిలగాని తల్లికి ఇయ్యాల్సి వచ్చింది. నాయినమ్మ మంచం మళ్ల హాల్ల మూలకే వచ్చింది. నా సందుగ, చీర, దీపం సెమ్మె అన్ని తీసి వంటింట్ల పెట్టిన. నాయినమ్మ మంచమెక్కి, డబ్బ తీసి తలకాడ పెట్టుకొని, మూటలు కిందికి తోసి, హమ్మయ్య అని కూసున్నది. ఒక్క దినమే ఆ మూల విడిచి ఉన్నది. వేరే ఊరు పోయొచ్చినదాని లెక్క గోడను చేత్తోని నిమిరింది. నాకు మనసుల చివుక్కుమన్నది. తెల్లారినంక గూడ ఆ మంచం మళ్ల ఎన్నడు జరపలె, ఎవరం జరుపుదమని గూడ అనలె.

అర్ర ఉక్కగ ఉన్నదని పిలగాని తల్లి వచ్చి ఆ మంచం మీదనే ఒక అంచుకు కూసున్నది. నాయినమ్మ ఆమెకు ఆకు వక్క చుట్టి ఇచ్చింది. ఇద్దరు ఏం మాట్లాడుకున్నరో నాకు వినరాలె గని, ఆమె కుర్సీ మీద కూసున్నంత సేపు లేని నవ్వు మంచం మీద కూసున్నంక వచ్చింది.

తెల్లారి చాయ్ తాగుతుంటే పక్క గోడ మీంచి నర్సమ్మ పిలిచింది. తెల్ల చీర, తెల్ల బూట్లు వేసుకొని ఉన్నది. డ్యూటీకి దవాఖాన బండి వచ్చి గల్లీ మొదట్ల నిలబడ్డది. ఆమె గోడ మీంచి ఇటు దిగి, అమ్మ చెవుల ఏదో చెప్పింది. అమ్మ మొఖం తెల్లగైంది. ఎద మీద పిన్నుతోని తగిలించుకునే ఆమె గడియారం, మేము స్టాండు తెచ్చినప్పుడు సొరుగుల ఉండిపోయింది. అది లేకుంటే నాడి చూసుడు కష్టం. బండి హారన్ కొడుతనే ఉన్నది. నర్సమ్మ ఎవరి దిక్కు చూడకుండ హాల్లకు వచ్చి, వంగి, సొరుగు గుంజి, గడియారం తీసి ఎద మీద పెట్టుకొని, మాఫ్ చెయ్యిరని అందరికి ఒకటేసారి చెప్పి ఉరికింది. సొరుగు సగం తెరిచే ఉండిపోయింది.

మేనత్త తేరుకొని, ఆమె అప్పుడప్పుడు మా ఇంట్ల సామాన్లు దాసుకుంటదని ఏదో కథ షురూ చేసింది. బాపు చెయ్యెత్తిండు.

"చాలు చెల్లె" అన్నడు. తర్వాత పిలగాని తల్లి దిక్కు తిరిగిండు. "అక్కా, ఆ స్టాండు నర్సమ్మది. రేడియో సాబ్‌ది. మాయి ఈ రెండు కుర్సీలు, ఆ మంచం."

నేను దర్వాజ వెనుక నిలబడి గోళ్లు కొరుకుతున్న. పిలగాని తల్లి చాయ్ గిలాస కింద పెట్టింది.

"నిన్నటికెల్లి నాకు గా రేడియో చూసినంక పరేషాన్ ఉండె అన్నా" అన్నది. "ఇంత ఉన్నోళ్ల పిల్ల మా సంచుల నడుమ ఉంటదా అని."

బాపు నవ్విండో లేదో నేను చూడలె. మేనత్త వంటింట్లకు పోయి, కండ్లకు కొంగు అడ్డం పెట్టుకొని ఏడ్చింది. అమ్మ ఆమె వీపు నిమురుకుంట బియ్యం ఎసట్ల పోసింది. నేను సొరుగు మూసి వచ్చిన. నాకు సిగ్గు పోయింది గని నెమ్మది రాలె. ఎందుకంటే పిలగాని కాలు గప్పుడు గూడ ఆగలె. తల్లి మాట ఆయన చెవుల పడ్డట్టే లేదు. లేచి వెనుక దర్వాజల నుంచి నల్ల కాడికి పోయి మొగులు దిక్కు మొఖం పెట్టి నిలబడ్డడు.

గిన్నెలు తోమే సాకుతోని నేను గూడ పోయిన. అమ్మ చూసింది, వద్దనలె.

"మీకు కోపమొచ్చిందా?" అని అడిగిన.

"ఎందుకు?"

"స్టాండు, రేడియో మావి కావని."

"ఏ స్టాండు?" అన్నడు.

ఆయన మొఖం చూసిన. నిజంగనే చూడలె. అంత సేపు హాల్ల ఉండి, నేను జానెడు ఇటు, జానెడు అటు జరిపి చచ్చిన స్టాండు ఆయన కండ్లకు ఆనలె. నాకు నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలె. మరి నిన్నటికెల్లి కాలు నిలువకుండ ఏమైందని అడిగిన. ఆయన దర్వాజ దిక్కు ఒకసారి చూసి గొంతు తగ్గించిండు.

"నాకు పావురాలున్నయి. ఒక్క పూటకే నీళ్లు పెట్టి వచ్చిన. పిల్లి వస్తదని గూడు తలుపులు గూడ వేసిన, తాళం నా జేబులనే ఉన్నది."

ఆ ఎండల, మీద రేకుల కప్పు. ఆయన చెప్తనే ఉన్నడు, ఏ పావురం గుడ్ల మీద ఉన్నది, ఏది నీళ్లు లేకుంటే ముందుగాల తల వాలుస్తది. చెప్పేటప్పుడు చేతులు గూడు తలుపు తీస్తున్నట్టు కదులుతున్నయి. పావురాలు ఎగరేసేటోనికి పిల్లనియ్యరని, ఆ మాట ఈడ ఎత్తొద్దని తల్లి ఒట్టు పెట్టించుకున్నదట.

నేను లోపలికి పోయి బాపుకు చెప్పిన. దాచిపెట్టుమని పిలగాడు నన్ను అడుగలె, దాచుడు అనేదే నాకు గప్పటికి యాష్టకొచ్చింది. మేనత్త ఏడ్చుడు ఆపి, పావురాలోడా అన్నది. బాపు సైకిల్ బయటికి తీసి, చక్రాలు నొక్కి, పంపు తెచ్చి గాలి కొట్టుడు షురూ చేసిండు.

పగటీలి రెండు గంటలు ఢీల్ ఇచ్చిన్రు. కర్ఫ్యూ జర సడలిస్తే అందరం ఢీల్ అనేటోళ్లం. పాలకు, కూరగాయలకు గల్లీలన్ని ఒక్కసారి బయటవడ్డయి. బస్సులు లేవు. బాపు సైకిల్ పిలగాని చేతుల పెట్టి, రోడ్డు రోడ్డే పో, సందులల్లకు పోవద్దు అని చెప్పిండు. తల్లిని ఎక్కించుకొని పోతనని ఆయన అంటే, ఆమెనే వద్దన్నది. ఇద్దరు ఎక్కితే ఆలస్యమైతది, నువ్వు పో, నేను ఈడ ఉంట అన్నది. ఆయన పోయిండు. గల్లీ మలుపు తిరిగేటప్పుడు గూడ వెనుకకు తిరిగి చూడలె. నేను చూస్తడేమో అనుకొని నిలబడ్డ.

ఆయన పోయినంక ఇంట్ల అందరం ఆయన లెక్కనే అయినం. చేరిండో లేడో ఎట్ల తెల్వాలె. ఢీల్ అయిపోయింది, జీపు మళ్ల తిరిగింది. తల్లి మంచం మీద కూసుంటది, లేస్తది, దర్వాజ పలకకు చెవి పెడతది. నా చేతులు ఊకోలె. గప్పుడే స్టాండు, పువ్వులు, కుక్కపిల్ల అన్ని తుడిచి గోడ మీంచి నర్సమ్మ తల్లికి అందించిన. పెండ్లి దాక ఉంచుకొమ్మని ఆ ముసలామె అన్నది, అమ్మ వద్దన్నది. రేడియో బాపు మీదికి మోసిండు. మంచం మూల తప్ప మిగిలిన రెండు మళ్ల బోడిగైనయి. బిందె తెచ్చి ఒక మూలకు పెట్టిన. నచ్చలె, తీసిన. పీట పెట్టిన.

పిలగాని తల్లి నన్నే చూస్తున్నది.

"మూల ఖాళీగ ఉంటే నీకేం నొప్పి బిడ్డా?" అని అడిగింది. ఎకసెక్కం కాదు, నిజంగనే అడిగింది.

"ఏమో అత్తమ్మా. ఏదన్న సదరకుంటే నాకు ఊపిరాడదు."

ఆమె చెప్పింది, తన మొగనికి గూడ పావురాల పిచ్చి ఉండెనని. దుకాణం నుంచి వచ్చి అన్నం గూడ తినకుండ మిద్దె మీదికి పోయేటోడట. మొదట్ల చాన లొల్లి చేసిందట. ఆయన పోయినంక పావురాలన్ని అమ్ముతనని బుట్టలల్ల పెట్టి, పొద్దున లేచి చూస్తే కొడుకు బుట్టలన్ని ఇప్పి మీద కూసున్నడట. వాని చేతులు గూడ ఊకోవు, నీ లెక్కనే అన్నది. అని, లేచి, నేను పెట్టిన పీట తీసి ఇంకో దిక్కు పెట్టి చూసింది. ఈడ మంచిగున్నదా అని అడిగింది. లేదన్న. మళ్ల తీసింది.

మర్నాడు ఢీల్ పొడుగిచ్చిన్రు. బాపు ఆమెను ఆటోల ఇంట్ల దించి వచ్చిండు. పిలగాడు క్షేమమేనట. గూడు తలుపు తీసేసరికి కొన్ని పావురాలు పోయినయట. ఎన్నని బాపు అడుగలె, ఆయన చెప్పలె.

లొల్లి సద్దుమణిగినంక ఆయన సైకిల్ తెచ్చిచ్చి, దర్వాజ కాన్నుంచే చాయ్ తాగి పోయిండు. మాకు ఇష్టమేనని తల్లి మధ్యవర్తితోని కబురు పంపింది. మేనత్త వద్దన్నది. దుమ్ముల యాపారం, పైకెల్లి పావురాలు, నడువనీకి జాగ లేని ఇల్లు అని వేళ్లు మడిచింది. అమ్మ ఎటూ చెప్పలె. బాపు నన్ను అడిగిండు.

"వాళ్లు మన హాలు చూసిన్రు" అన్న. "నేను గూడ వాళ్లది చూస్త."

పిల్ల పోయి పిలగాని ఇల్లు చూసుడు మా తాన లేదు. మేనత్త నోరు తెరిచింది. నాయినమ్మ మంచం మీద నుంచే, చూడనియ్యిరి, ఉండేది అదే గదా అన్నది. బాపు తన తల్లి మాట తీసెయ్యడు. సంచులు కొననీకి పోయినట్టు నన్ను తీస్కొని బస్సెక్కిండు.

ఇల్లు దుకాణం మీదనే ఉండె. మెట్లెక్కి లోపలికి పోతే హాలని చెప్పిన దాంట్ల గోనెసంచుల కట్టలు మిద్దెకు తాకుతున్నయి. నడుమ మనిషి పట్టేంత తొవ్వ. పీచు వాసనకు నాకు తుమ్ములాగలె. తల్లి నవ్వి, నీకు మూల చూపిద్దమంటే మా ఇంట్ల ఒక్కటి గూడ దొరకదు బిడ్డా అన్నది. మిద్దె మీద ఆయన పావురాలకు జొన్నలు పోస్తుండె. కొన్ని గూళ్లు ఖాళీగ ఉన్నయి. నేను వాటి దిక్కు చూస్తే, ఇంక వేరేవి పెట్టలె, పెట్టబుద్ధయితలేదు అన్నడు. గంతే. బాపు మాత్రం ఎగిరినయి తిరిగొచ్చేదాక తలెత్తుకొని చూసిండు. మెడ నొప్పి లేసిందని దిగేటప్పుడు చెప్పిండు.

తిరిగొచ్చేటప్పుడు బస్సు రాక, మూసీ వంతెన మీద నడుసుకుంట వచ్చినం. కింద నీళ్లు సన్నగ పారుతున్నయి, ఒడ్డు మీద ధోబీలు ఆరేసిన బట్టలు. బాపు జర దూరం నడిచినంక అడిగిండు.

"ఏమంటవు బిడ్డా?"

"ఆ కట్టలన్ని కిటికి లేని దిక్కు ఒకదాని మీద ఒకటి పేరిస్తే, ఇటు దిక్కు మస్తు జాగ మిగులుతది బాపు" అన్న.

"నేనడిగింది గది కాదు."

"గదే చెప్తున్న."

బాపు నా మొఖం దిక్కు చూసి ముందుకు నడిచిండు. పెండ్లి ఆషాఢం ముందుగాలనే అయింది. నర్సమ్మ, సాబ్ ఇంటోళ్లు మాతోనే అఫ్జల్‌గంజ్ దాక వచ్చిన్రు, మెట్లెక్కలేక సాబ్ కింద దుకాణంలనే కూసొని శర్బత్ తాగి పోయిండు. మేనత్త అన్నిటికంటె ముందు నిలబడి అన్ని నడిపించింది.

అత్తగారింట్ల రెండో దినం పొద్దున లేచి నేను కట్టలు జరుపుడు షురూ చేసిన. ఒక్కొక్క కట్ట నాకంటె బరువు. అత్తమ్మ వంటింట్ల నుంచి వచ్చి, కొత్త కోడలివి, జర కూసో అన్నది. కూసుంట అత్తమ్మా అని, ఇంకో కట్టకు చెయ్యి వేసిన. ఆమె జర సేపు నిలబడి చూసి, కొంగు నడుముకు చెక్కి, అవతలి కొస పట్టుకున్నది.